గర్భసంచిలో ఫైబ్రాయిడ్: రక్తస్రావం లెక్క నుంచి చికిత్స ఎంపిక దాకా

స్కాన్‌లో గడ్డ ఉందని తెలిసిన రోజే ‘పిల్లలు పుట్టేశారుగా, ఇక సంచి ఎందుకు, తీయించేసుకో’ అనే సలహా మన దగ్గర చాలా తేలిగ్గా వినిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం పైనే. ఈ ఆపరేషన్లలో అవసరమైనవి లేవని కాదు. కానీ ఫైబ్రాయిడ్ ఉన్నంత మాత్రాన సంచి తీయాల్సిన అవసరం రాదు. గడ్డ ఎక్కడుంది, దానివల్ల మీకు ఏ ఇబ్బంది ఉంది, ముందు ముందు పిల్లలు కావాలా, నెలసరి ఆగిపోయే వయసుకు ఎంత దూరంలో ఉన్నారు అన్నవి తేలాకే చికిత్స మాట రావాలి. ఈ మార్గదర్శి అదే వరసలో నడుస్తుంది.

ఫైబ్రాయిడ్ అంటే గర్భాశయ గోడలోని కండరం నుంచి పెరిగే గడ్డ. క్యాన్సర్ కాదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల మీద బతుకుతుంది కాబట్టి నెలసరి మొదలవక ముందు రాదు, నెలసరి పూర్తిగా ఆగాక చాలావరకు కుంచించుకుపోతుంది. యాభై ఏళ్లు వచ్చేసరికి సగానికి పైగా ఆడవాళ్లలో చిన్నదో పెద్దదో ఒకటి ఉంటుంది, ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. తల్లికి, అక్కచెల్లెళ్లకు ఉంటే మీకూ వచ్చే అవకాశం ఎక్కువ. ‘వదిలేస్తే క్యాన్సర్‌గా మారుతుంది’ అన్న భయం చాలామందిని ఆపరేషన్ బల్ల మీదికి తీసుకెళ్తోంది. మామూలు ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా మారడం దాదాపు జరగదు. ఫైబ్రాయిడ్‌లా కనిపించే సార్కోమా అనే క్యాన్సర్ వేరే జబ్బు, చాలా అరుదు. దాన్ని అనుమానించాల్సిన సందర్భాలు కింద ఉన్నాయి.

మొదటి అడుగు: ఇబ్బందిని కొలవండి

‘బ్లీడింగ్ ఎక్కువగా అవుతోంది’ అని చెబితే డాక్టరుకు అందే సమాచారం తక్కువ. రెండు నెలలు కాగితం మీద లెక్క రాసి తీసుకెళ్లండి. ప్యాడ్ లెక్క పద్ధతి ఇలా ఉంటుంది: కొద్దిగా అంటిన ప్యాడ్‌కు 1, సగం వరకు తడిసినదానికి 5, పూర్తిగా తడిసినదానికి 20. రక్తం ముద్దలుగా పడితే చిన్న ముద్దకు 1, పది రూపాయల బిళ్లంత ముద్దకు 5. ఆ నెలసరి మొత్తం కలిపి 100 దాటితే అధిక రక్తస్రావం కింద లెక్క.

ఉదాహరణకు పూర్తిగా తడిసినవి 4, సగం తడిసినవి 6, కొద్దిగా అంటినవి 5, పెద్ద ముద్దలు 2 అనుకుందాం. 80, 30, 5, 10 కలిపి 125. దీనికి చికిత్స కావాలి. ఇప్పటి మందపాటి రాత్రి ప్యాడ్లు ఎక్కువ రక్తం పీలుస్తాయి కాబట్టి అవి వాడేవారికి లెక్క అసలుకన్నా తక్కువ రావచ్చు. బట్ట వాడేవారు అంకెలతో కుస్తీ పట్టనక్కర్లేదు. రోజుకు ఎన్నిసార్లు మార్చారు, రాత్రి మార్చడానికి లేవాల్సి వచ్చిందా, చీరకో పక్కబట్టలకో అంటిందా, ఆ రోజుల్లో పనికి వెళ్లగలిగారా, ఇవి రాస్తే చాలు.

రోజుల లెక్కా ముఖ్యమే. నెలసరి మొదటి రోజు నుంచి మళ్లీ మొదటి రోజు దాకా 24 నుంచి 38 రోజులు, రక్తస్రావం 8 రోజుల లోపు ఉండటం మామూలు. ఫైబ్రాయిడ్ వల్ల సాధారణంగా నెలసరి సమయానికే వచ్చి ఎక్కువగా పోతుంది. నెలసరికీ నెలసరికీ మధ్యలో, లేదా కలయిక తర్వాత రక్తం కనిపిస్తుంటే ఫైబ్రాయిడ్ మీద నెపం వేసి ఊరుకోకండి. గర్భాశయ ముఖద్వారాన్ని, లోపలి పొరను పరీక్షించి తీరాలి.

రక్తస్రావం కాక గడ్డ బరువు వల్ల వచ్చే ఇబ్బందులు వేరుగా రాసుకోండి. మాటిమాటికీ మూత్రం, మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, పొత్తికడుపులో బరువు, పొట్ట ముందుకు రావడం ఈ కోవలోవి. ఈ రెండు జాబితాలకూ చికిత్సలు వేరు. రక్తస్రావం తగ్గించే మాత్ర మూత్రాశయం మీది ఒత్తిడిని తగ్గించదు.

ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి: వరుసగా రెండు గంటలు, గంటకో ప్యాడ్ నిండిపోవడం, నిలబడితే కళ్లు తిరగడం, గుండె దడ, ఆయాసం, మూత్రం అసలు రాకపోవడం, ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి, జ్వరం. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా పరీక్ష వాయిదా వేయకూడదు.

రెండో అడుగు: రక్త పరీక్షలు

ముందుగా గర్భం లేదని తేల్చుకోవాలి. ట్యూబెక్టమీ అయినవారికి కూడా ఈ పరీక్ష చేస్తారు, అందులో నొచ్చుకోవాల్సిందేమీ లేదు. తర్వాత కంప్లీట్ బ్లడ్ పిక్చర్, ఫెరిటిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్. హిమోగ్లోబిన్ 12 లోపు ఉంటే రక్తహీనత, 8 లోపైతే తీవ్రమైనది. హిమోగ్లోబిన్ 12 ఉండి కూడా ఫెరిటిన్ 30 లోపు ఉండేవారు చాలామంది. ఒంట్లో ఇనుము నిల్వ ఖాళీ అయిందని దాని అర్థం. నీరసం, జుట్టు రాలడం, మెట్లెక్కితే ఆయాసం అక్కడి నుంచే మొదలవుతాయి. మొదటి నెలసరి నుంచీ రక్తం ఎక్కువగా పోతూ, పన్ను పీకినా దెబ్బ తగిలినా త్వరగా ఆగని ఒంటితత్వం ఉంటే వాన్ విల్లీబ్రాండ్ వంటి రక్తం గడ్డకట్టని లోపాల కోసం పరీక్ష అడగండి. ఇలాంటివారిలో గడ్డ పక్కన ఊరికే ఉంటుంది, అసలు కారణం రక్తంలో ఉంటుంది.

45 దాటినవారికి, అంతకన్నా చిన్నవారే అయినా ఊబకాయం, పీసీఓఎస్, షుగర్ ఉన్నవారికి, మందులు వాడినా రక్తస్రావం ఆగనివారికి గర్భాశయం లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాలి. ఇది చాలాసార్లు ఓపీలోనే సన్నటి గొట్టంతో కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు పాప్ స్మియర్ లేదా హెచ్‌పీవీ పరీక్ష ఇటీవల చేయించుకోకపోతే అదీ ఇప్పుడే పూర్తి చేయండి.

మూడో అడుగు: స్కాన్ ఎలా చేయించాలి, ఎలా చదవాలి

మొదటి పరీక్ష అల్ట్రాసౌండే. పొట్ట మీద చేసేదానికి మూత్రాశయం నిండి ఉండాలి, యోని ద్వారా చేసే టీవీఎస్‌కు ఖాళీగా ఉండాలి. వీలైనవారికి రెండూ ఒకేసారి చేయడం మేలు. టీవీఎస్‌లో లోపలి పొర దగ్గరి చిన్న గడ్డలు తెలుస్తాయి, పైకి పెరిగిన పెద్ద గడ్డలు పొట్ట మీది స్కాన్‌లోనే సరిగా కనిపిస్తాయి. పెళ్లికాని అమ్మాయిలకు సాధారణంగా పొట్ట మీదే చేస్తారు, అది చాలకపోతే ఎంఆర్ఐ. నెలసరి వచ్చిన 5 నుంచి 10 రోజుల మధ్య చేయిస్తే లోపలి పొర పలచగా ఉండి చిత్రం స్పష్టంగా వస్తుంది.

గడ్డ లోపలి ఖాళీలోకి ఎంత చొచ్చుకొచ్చిందో తేలకపోతే సన్నని గొట్టంతో కొద్దిగా సెలైన్ ఎక్కించి చేసే స్కాన్ ఉంది. ఎంఆర్ఐ అందరికీ అవసరం లేదు. గడ్డలు ఎక్కువ ఉన్నప్పుడు, గడ్డ మాత్రమే తీసే ఆపరేషనో, గడ్డకు రక్తం అందకుండా చేసే ఎంబొలైజేషనో అనుకుంటున్నప్పుడు, అడినోమయోసిస్‌ (లోపలి పొర కణాలు గోడలోకి చొచ్చుకుపోయే జబ్బు) అనుమానం ఉన్నప్పుడు పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుంది.

రిపోర్టులో ఇవన్నీ ఉన్నాయో లేదో చూడండి: గడ్డలు ఎన్ని, ఒక్కొక్కటి మూడు కొలతల్లో ఎంత, గోడలో ఏ వైపు, లోపలి పొరను తాకుతోందా, తాకకపోతే ఎంత దూరం, లోపలి పొర మందం ఎంత, అండాశయాలు ఎలా ఉన్నాయి. ‘మల్టిపుల్ ఫైబ్రాయిడ్స్, బల్కీ యుటెరస్’ అని ఒక్క వాక్యంతో ముగించిన రిపోర్టు ఆపరేషన్ నిర్ణయానికి పనికిరాదు. మళ్లీ చేయించండి.

గడ్డ పెరిగిందా లేదా అన్నది చాలామంది తప్పుగా చదువుతారు. ఇద్దరు వేర్వేరు డాక్టర్లు కొలిస్తే కొన్ని మిల్లీమీటర్ల తేడా మామూలే. ఘనపరిమాణం చూడాలంటే పొడవు, వెడల్పు, లోతులను గుణించి 0.52తో మళ్లీ గుణించండి. 5 సెం.మీ. గడ్డ సుమారు 65 మి.లీ., 6.3 సెం.మీ. గడ్డ సుమారు 130 మి.లీ. అంటే కొలత 1.3 సెం.మీ. పెరిగితే గడ్డ రెట్టింపైనట్టు. 5.0 నుంచి 5.3 అయితే మాత్రం అది కొలతలోని తేడానే కావచ్చు. వీలైతే ప్రతిసారీ ఒకేచోట, నెలసరి తర్వాత అవే రోజుల్లో చేయించండి.

గడ్డ ఎక్కడుంది: 0 నుంచి 8 దాకా అంకెలు

ప్రపంచ గైనకాలజిస్టుల సమాఖ్య ఫిగో 2011లో ఇచ్చిన వర్గీకరణ ఇది. రిపోర్టులో లేకపోతే ‘ఇది ఫిగోలో ఎన్నో టైపు?’ అని అడగండి.

టైపు 0 గర్భాశయం లోపలి ఖాళీలో కాడతో వేలాడుతుంది. టైపు 1లో సగానికి పైగా లోపలి ఖాళీలో, టైపు 2లో సగమో అంతకన్నా ఎక్కువో గోడలో ఉంటుంది. టైపు 3 పూర్తిగా గోడలోనే ఉండి లోపలి పొరను తాకుతుంది. టైపు 4 ఏ వైపుకూ పొడుచుకు రాకుండా గోడ మధ్యలో ఉంటుంది. 5, 6 బయటి వైపుకు పొడుచుకు వస్తాయి, 7 బయట కాడతో వేలాడుతుంది. గర్భాశయ ముఖద్వారంలోనో మరోచోటో ఉంటే 8.

రక్తస్రావం విషయంలో గడ్డ కొలతకన్నా ఈ అంకెకే బలమెక్కువ. 1.5 సెం.మీ. ఉన్న టైపు 1 గడ్డ హిమోగ్లోబిన్‌ను 6కు దించేయగలదు. 7 సెం.మీ. ఉన్న టైపు 6 గడ్డ నెలసరిని ముట్టుకోకపోవచ్చు. గర్భం నిలవకపోవడానికి, గర్భస్రావాలకు సంబంధం ఎక్కువగా 0, 1, 2 టైపులతోనే. బయటికి పెరిగినవి గర్భధారణకు సాధారణంగా అడ్డురావు. అందుకే ‘5 సెం.మీ. దాటింది, తీసేయాలి’ అని కొలత ఒక్కటే చూపి చెబితే ఆ ఒక్క కారణం చాలదు.

రిపోర్టులో భయపెట్టే మాటలు

బల్కీ యుటెరస్ అంటే సంచి కాస్త పెద్దగా ఉందని మాత్రమే. పిల్లలు పుట్టినవారికి అలా ఉండటం సహజం. అది జబ్బు పేరు కాదు. నబోతియన్ సిస్టులు గర్భాశయ ముఖద్వారంలో జిగురు నిండిన చిన్న బుడగలు, చికిత్సే అక్కర్లేదు. ‘సర్వైకల్ ఎరోజన్’ను పుండు అని తెలుగులో చెప్పి భయపెడతారు. చాలాసార్లు అది లోపలి కణాలు ముఖద్వారం బయటికి కనిపించడమే, పాప్ స్మియర్ సరిగా ఉంటే వదిలేయవచ్చు. తెల్లబట్టకు కారణం ఇన్‌ఫెక్షన్ అయితే దానికి మందులు ఉన్నాయి. ఈ నాలుగింటిలో దేనికీ గర్భసంచి తీయడం చికిత్స కాదు.

అడినోమయోసిస్‌ను మాత్రం విడిగా తేల్చుకోవాలి. ఇందులో లోపలి పొర కణాలు గోడలోకి చొచ్చుకుపోయి సంచి ఉబ్బినట్టు అవుతుంది, నెలసరి నొప్పి ఎక్కువ. స్కాన్‌లో దీన్ని ఫైబ్రాయిడ్ అని పొరపడితే గడ్డ తీయడానికి పొట్ట కోశాక తీయడానికి వీలైన అంచే దొరకదు. ఫైబ్రాయిడ్‌కు చుట్టూ అంచు ఉంటుంది, అడినోమయోసిస్‌కు ఉండదు.

సార్కోమాను అనుమానించాల్సింది నెలసరి ఆగాక గడ్డ పెరుగుతున్నప్పుడు, ఎంఆర్ఐలో అంచులు చెదిరి లోపల కుళ్లిన భాగాలు కనిపించినప్పుడు, గతంలో కటి భాగానికి రేడియేషన్ లేదా రొమ్ము క్యాన్సర్‌కు దీర్ఘకాలం టామాక్సిఫెన్ తీసుకున్నప్పుడు. నెలసరి ఉన్న వయసులో గడ్డ కాస్త వేగంగా పెరగడం ఒక్కటే దానికి ఆధారం కాదు.

ముందు రక్తం పట్టించండి

ఏ చికిత్స ఎంచుకున్నా ఇది మొదట జరగాలి. హిమోగ్లోబిన్ 7తో ఆపరేషన్‌కు వెళ్లి రక్తం ఎక్కించుకోవడంకన్నా నెలసరిని ఆపి రెండు నెలల్లో 11కు తెచ్చుకుని వెళ్లడం ఎంతో సురక్షితం.

సుమారు 60 మి.గ్రా. ఇనుము అందే మాత్ర రోజుకొకటి, లేదా రోజు విడిచి రోజు ఒకటి. రోజుకు మూడు వేస్తే మూడింతలు ఒంటికి పట్టదు, కడుపులో మంట, మలబద్ధకం మాత్రం పెరుగుతాయి. పరగడుపున నిమ్మరసంతో వేసుకోండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలకు రెండు గంటల ఎడం ఉండాలి. తెలుగు ఇళ్లలో మాత్ర పనిచేయకపోవడానికి పొద్దున్నే తాగే టీనే కారణం అనిపించే సందర్భాలు ఎన్నో. మలం నల్లబడితే కంగారు వద్దు. నెలకు ఒకటి నుంచి రెండు గ్రాముల దాకా హిమోగ్లోబిన్ పెరగాలి. మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు కొనసాగిస్తేనే నిల్వ నిండుతుంది. మాత్రలు పడనివారికి, టైము లేనివారికి సెలైన్‌లో ఇనుము ఎక్కిస్తారు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్ ఒకేసారి 1000 మి.గ్రా. దాకా, ఐరన్ సుక్రోజ్ అయితే 200 మి.గ్రా. చొప్పున కొన్ని విడతలుగా.

బెల్లం, ఖర్జూరం, తోటకూర తినండి, మంచిదే. ప్రతి నెలా అంత రక్తం పోతున్నప్పుడు అవి మాత్రమే ఆ లోటు పూడ్చలేవు.

ఏమీ చేయకుండా గమనించడం

ఇబ్బంది లేకపోతే, హిమోగ్లోబిన్ బాగుంటే, గడ్డకు చికిత్స అక్కర్లేదు. ఆరు నెలలకో ఏడాదికో స్కాన్, ఏడాదికోసారి రక్త పరీక్ష. 46 ఏళ్ల వయసులో ఓ మోస్తరు ఇబ్బంది ఉన్నవారు మందులతో నాలుగైదేళ్లు నెట్టుకొస్తే నెలసరి ఆగి గడ్డ దానంతటదే తగ్గుతుంది. మన దగ్గర ఈ దారిని చెప్పేవారు తక్కువ.

మందులు

ట్రానెక్సామిక్ యాసిడ్: రక్తం ఎక్కువగా పోయే రోజుల్లో మాత్రమే, 500 మి.గ్రా. మాత్రలు రెండేసి చొప్పున రోజుకు మూడుసార్లు, నాలుగైదు రోజులకు మించకుండా. రక్తస్రావం దాదాపు సగం దాకా తగ్గుతుంది. పనిచేయలేదని చెప్పేవారిలో చాలామంది రోజుకు ఒకటి రెండు మాత్రలు వేసుకున్నవారో, మూడో రోజున మొదలుపెట్టినవారో. కాలి నరాల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే వాడకూడదు. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి. నొప్పి కూడా ఉంటే మెఫెనమిక్ యాసిడ్ 500 మి.గ్రా. అన్నం తిన్నాక, రోజుకు మూడుసార్లు. కడుపులో అల్సర్, కిడ్నీ సమస్య ఉంటే వద్దు.

నోరెథిస్టెరోన్ 5 మి.గ్రా.: ఇంట్లో పూజలకో, తిరుపతి ప్రయాణానికో నెలసరి వాయిదా వేయడానికి చాలామందికి తెలిసిన మాత్ర. పొంగిపొర్లే రక్తస్రావాన్ని ఆపడానికి రోజుకు మూడుసార్లు ఇస్తారు. గడ్డను తగ్గించదు. మందుల షాపులో అడిగి నెలల తరబడి సొంతంగా వాడితే అసలు జబ్బు కప్పబడిపోతుంది.

హార్మోన్ లూప్: మిరెనా వంటి 52 మి.గ్రా. లెవోనార్జెస్ట్రెల్ లూప్‌ను లోపల అమరుస్తారు. గడ్డలు లోపలి ఖాళీని వంకర చేయనివారికి, టైపు 3 నుంచి 6 దాకా ఉన్నవారికి ఇది చాలా మంచి మార్గం. మొదటి మూడు నుంచి ఆరు నెలలు రోజూ కొద్దికొద్దిగా రక్తం కనిపిస్తుంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల ఎంతోమంది రెండో నెలలోనే తీయించేసుకుంటున్నారు. ఆ గండం దాటితే నెలసరి బాగా పలచబడుతుంది. టైపు 0, 1 గడ్డ ఉంటే మాత్రం లూప్ జారిపోయే అవకాశం ఎక్కువ, ముందు ఆ గడ్డను తీయించాలి.

ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్: నెలకు 3.75 మి.గ్రా. చొప్పున మూడు నెలలు. నెలసరి ఆగుతుంది, గడ్డ మూడో వంతు నుంచి సగం దాకా కుంచించుకుపోతుంది. ఆపగానే కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుంది. కాబట్టి దీన్ని ఆపరేషన్ ముందు రక్తం పట్టడానికి, గడ్డ చిన్నదవడానికి వాడాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఒకసారి రక్తస్రావం పెరగవచ్చు. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ఆరు నెలలు దాటితే ఎముకలు పలచబడతాయి.

అమెరికాలో ఉన్న తెలుగువారికి రెలుగోలిక్స్ 40 మి.గ్రా.తో కొద్దిపాటి ఈస్ట్రడయోల్, నోరెథిండ్రోన్ కలిపిన రోజువారీ మాత్ర 2021 నుంచి అందుబాటులో ఉంది. అక్కడ రెండేళ్ల దాకా అనుమతి. రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవారికి, 35 దాటి పొగతాగేవారికి ఇవ్వరు. యులిప్రిస్టాల్ మాత్ర వల్ల కాలేయం పాడైన కేసులు రావడంతో యూరప్‌లో దాని వాడకాన్ని బాగా కుదించారు. ఎవరైనా రాస్తే కాలేయ పరీక్షలు లేకుండా మొదలుపెట్టవద్దు.

గడ్డను కరిగిస్తామని అమ్మే పొడులు, కషాయాలు, కోర్సుల విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి: ఫైబ్రాయిడ్‌ను కరిగిస్తుందని నమ్మదగ్గ పరీక్షల్లో రుజువైన మూలిక ఏదీ లేదు. నష్టమంతా పోయిన కాలంలో ఉంటుంది. ఆ ఏడాదిలో హిమోగ్లోబిన్ 10 నుంచి 5కు పడిపోతుంది.

గడ్డ మాత్రమే తీయడం

టైపు 0, 1కి, కొన్ని టైపు 2 గడ్డలకు హిస్టెరోస్కోపీ. యోని ద్వారా కెమెరా పంపి గడ్డను ముక్కలుగా గీసి తీస్తారు. పొట్ట మీద కోత ఉండదు, సాధారణంగా అదే రోజు ఇంటికి. సుమారు 3–4 సెం.మీ. దాకా ఒక్కసారిలో అవుతుంది, పెద్దదైతే రెండు విడతలు. సంచిని తెరిచి ఉంచడానికి ఎక్కించే ద్రవం ఒంట్లోకి ఎక్కువగా పోతే ఊపిరితిత్తులకు, మెదడుకు ప్రమాదం. అందుకే ఎంత పోసి ఎంత వెనక్కి వచ్చిందో లెక్క చూస్తూ, సెలైన్ అయితే 2500 మి.లీ., గ్లైసిన్ అయితే 1000 మి.లీ. లోటు వచ్చేసరికి ఆపేస్తారు. ద్రవం లెక్క చూసే ఏర్పాటు అక్కడ ఉందా అని అడగడం మీ హక్కు.

టైపు 3 నుంచి 7కు లాప్రోస్కోపీ లేదా పొట్ట కోసి చేసే మయోమెక్టమీ. గడ్డలు చాలా ఎక్కువైతే, సంచి బొడ్డు దాకా పెరిగితే కోత ఆపరేషనే భద్రం. డాక్టరు చేతివేళ్లకు తగిలే చిన్న గడ్డలు లాప్రోస్కోపీలో తప్పిపోవచ్చు. రక్తస్రావం తగ్గించడానికి ముందుగా మిసోప్రోస్టాల్, గోడలోకి వాసోప్రెసిన్ ఇస్తారు. రక్తం సిద్ధంగా ఉంచాలి. అరుదుగా రక్తం ఆగక సంచి తీయాల్సి రావచ్చని అంగీకార పత్రంలో ఉంటుంది, అది చదివే సంతకం పెట్టండి. లాప్రోస్కోపీలో గడ్డను యంత్రంతో ముక్కలు చేసేటప్పుడు ప్రత్యేక బ్యాగులో ఉంచి చేస్తున్నారా అని అడగండి. దాగి ఉన్న సార్కోమా పొట్టంతా చిందే ప్రమాదం వల్ల అమెరికా ఎఫ్‌డీఏ 2014లోనే దీనిపై హెచ్చరించింది.

తర్వాత గర్భం కోసం సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగమంటారు. గోడలోతు కోత పడితే కాన్పు సిజేరియన్‌గా, నొప్పులు మొదలవక ముందే ప్లాన్ చేస్తారు. కాబట్టి ఆపరేషన్ నోట్సు ప్రతి ఒకటి తీసుకుని దాచండి, కాన్పు వేరే ఊళ్లో జరిగితే అది చాలా కీలకం. గడ్డలు మళ్లీ రావచ్చు, మొదట ఎక్కువ ఉన్నవారిలో ఎక్కువ.

ఎంబొలైజేషన్

చాలామంది గైనకాలజీ ఓపీల్లో ఈ మాట వినరు, ఎందుకంటే దీన్ని చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. గజ్జ లేదా మణికట్టు రక్తనాళం నుంచి సన్నని గొట్టం పంపి గర్భాశయ ధమనుల్లోకి ఇసుక రేణువుల్లాంటి కణాలు వదులుతారు. గడ్డకు రక్తం అందక ఆరు నెలల్లో దాదాపు సగం దాకా తగ్గుతుంది. మొదటి 24 గంటల నొప్పి గట్టిగానే ఉంటుంది, ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి నొప్పి మందులిస్తారు. వారం రోజులు ఒళ్లు వెచ్చబడటం, నీరసం మామూలు. రెండో వారం తర్వాత జ్వరం, దుర్వాసనతో స్రావం వస్తే ఇన్‌ఫెక్షన్ కావచ్చు, వెంటనే వెళ్లాలి. కొందరికి కొన్నేళ్లలో మళ్లీ చికిత్స అవసరమవుతుంది. పిల్లలు కావాలనుకునేవారికి ఇది మొదటి ఎంపిక కాదు. 45 దాటినవారిలో నెలసరి శాశ్వతంగా ఆగిపోయే అవకాశం ఉంది. మత్తు పడని గుండె జబ్బు ఉన్నవారికి, గత ఆపరేషన్ల వల్ల పేగులు అతుక్కుపోయినవారికి ఇది నిజమైన వరం. ధ్వని తరంగాలతో గడ్డను కాల్చే హైఫు ఎంపిక చేసిన గడ్డలకే, కొన్ని కేంద్రాల్లోనే.

గర్భంతో ఉన్నప్పుడు

గర్భంలో ఫైబ్రాయిడ్ కనిపిస్తే చాలావరకు ఏమీ చేయరు. నాలుగు, అయిదు నెలల్లో గడ్డ ఉన్నచోట తీవ్రమైన నొప్పి వస్తే రక్తం అందక గడ్డ లోపల చెడుతోందని అర్థం. విశ్రాంతి, పారాసెటమాల్‌తో కొద్ది రోజుల్లో తగ్గుతుంది. 20 వారాల తర్వాత మెఫెనమిక్, ఐబూప్రోఫెన్ వంటివి సొంతంగా వేసుకోకండి. సిజేరియన్‌తో పాటే గడ్డ కూడా తీసేయమని కుటుంబాలు అడుగుతుంటాయి. ఆ సమయంలో గర్భాశయానికి రక్తప్రవాహం విపరీతంగా ఉంటుంది, అందుకే డాక్టర్లు సాధారణంగా ముట్టుకోరు.

సంచి తీయాల్సి వస్తే

పిల్లలు వద్దనుకుని, మందులు, లూప్ పనిచేయక, గడ్డలు ఎక్కువై, అన్ని దారులూ తెలిసి తీయించుకోవాలనుకుంటే అది సరైన నిర్ణయమే. రక్తస్రావం, ఫైబ్రాయిడ్ రెండింటికీ శాశ్వత ముగింపు అదొక్కటే. అయితే 40 లోపు వయసులో ఈ సలహా వస్తే మరో డాక్టరును, వీలైతే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో, తప్పక కలవండి. అనవసర తొలగింపులను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

సంతకానికి ముందు అడగాల్సినవి: నా గడ్డ ఏ టైపు? బయాప్సీ, పాప్ స్మియర్ ఫలితం ఏమిటి? లూప్ నాకెందుకు పనికిరాదు? గడ్డ మాత్రమే ఎందుకు తీయలేరు? యోని ద్వారానా, లాప్రోస్కోపీనా, కోతనా? అండాశయాలు ఉంచుతారా?

చివరి ప్రశ్నకు జవాబు స్పష్టంగా కాగితం మీద ఉండాలి. నెలసరి ఆగని వయసులో ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను ‘ఎలాగూ కోస్తున్నాం కదా’ అని తీసేస్తే మర్నాటి నుంచే ఆవిర్లు, ఆ తర్వాత ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు వస్తాయి. ముప్పై అయిదేళ్ల వయసులో అండాశయాలు పోయినవారికి నెలసరి సహజంగా ఆగే వయసు దాకా హార్మోన్లు ఇవ్వాలి, ఆ మాట చెప్పేవారే అరుదు. అండాశయాలు ఉంచినా నెలసరి ఆగే దశ ఒకటి రెండేళ్లు ముందే రావచ్చు. ఫాలోపియన్ నాళాలు తీయడం మాత్రం వేరు, దానివల్ల అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది.

యోని ద్వారా లేదా లాప్రోస్కోపీలో తీస్తే రెండు మూడు వారాల్లో ఇంటి పనులు, కోతైతే ఆరు వారాలు. బిందెలు, బియ్యం బస్తా, పిల్లల్ని ఎత్తడం ఆరు వారాల దాకా వద్దు. పది రోజుల తర్వాత ఎర్రగా ఎక్కువ రక్తం పోతే వెంటనే వెళ్లాలి. యోని నుంచి మూత్రంలా నీళ్లు కారడం, నడుము పక్క నొప్పితో జ్వరం వస్తే మూత్రనాళానికి గాయమై ఉండవచ్చు. ఆ రోజే చూపించుకోవాలి.

తీసిన సంచినీ గడ్డలనూ పాథాలజీకి పంపారా అని డిశ్చార్జి రోజే అడగండి. రిపోర్టు సుమారు వారం పది రోజుల్లో వస్తుంది. దాన్ని తెచ్చుకోకుండా కుట్లు విప్పించుకుని వెళ్లిపోయేవారు చాలామంది. ఆ కాగితాన్ని డాక్టరుకు చూపించి, హిమోగ్లోబిన్ మళ్లీ చూపించుకుని, ఇనుము మాత్ర ఇంకా ఎన్నాళ్లో రాయించుకోండి.